జిగురు కలపని మాట

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు మెత్తనయ్య వల్ల తెలిసింది. ఆయన అసలు పేరు ప్రచార కార్యాలయం తలుపు మీద నేనే రాశాను, ఇత్తడి రంగుతో, కింద నల్లటి నీడ పెట్టి. ఇక్కడ మళ్ళీ రాయను. ఊరంతా ఆయన్ని మెత్తనయ్య అనే పిలిచేది. యుద్ధం వచ్చాక ఆఫీసర్లందరూ అరవడం నేర్చుకున్నారు, ఈయనొక్కడూ నేర్చుకోలేదు. ప్యూనుని కూడా ‘మీరు’ అనేవాడు. నా భార్య మొహాన్ని ఊరూరా గోడలెక్కించి, నా కొడుకుని రైలెక్కించిన ఆ మనిషి, నన్ను ఒక్కనాడూ ‘నువ్వు’ అని ఎరగడు. ఈ ముక్క చెబితే జనం, “మరింకేం, మంచాయనే కదా” అంటారు. ఆ మాట వినీ వినీ విసిగిపోయాను.

నేను బోర్డులు రాసే పెయింటర్ని. ఐదో తరగతిలోనే బడి నాకు, నేను బడికి నీళ్ళు వదులుకున్నాం. అక్షరాలు పలక మీద కన్నా రేకుల మీదే ఎక్కువ దిద్దాను. స్టేషన్ రోడ్డులో గూడ్సు షెడ్డు గోడ ఒకటి ఉంది. రైలు దిగినవాడు ఎవడైనా ముందు ఆ గోడ మొహం చూడాల్సిందే. దాని మీద రాసుకునే హక్కు ఏటేటా వేలంలో పాడుకుని, సబ్బులకీ చెప్పులకీ తలనొప్పి మాత్రలకీ అద్దెకిచ్చేవాణ్ణి. యుద్ధం మొదలయ్యాక సబ్బులు పోయాయి, చెప్పులు పోయాయి, తలనొప్పి మాత్రలు పోయాయి. తలనొప్పి మాత్రం మిగిలింది. గోడకి తెల్లసున్నం కొట్టి ఊరుకున్నాను.

మావాడికి ఇరవై నిండాయి. సైన్యంలోకి ఇష్టమైనవాళ్ళే రావాలని పేరుకి అనేవారు. కానీ వీధి చివర లారీ ఆపి, ఈడొచ్చిన కుర్రాళ్ళని నిలబెట్టి, “మీకు ఎందుకు ఇష్టం లేదు?” అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జవాబు ఎవడి దగ్గరుంటుంది? మా వీధిలోకి లారీ వచ్చే లోపల మా ఆవిడ వాణ్ణి వాళ్ళ మేనమామ ఊరికి పంపేసింది. వాడు ఎక్కిన రైలు సగం దారిలో ఉండగా వంతెన పేల్చేశారు. మేనమామ దగ్గరికి చేరలేదు. వెనక్కీ రాలేదు. చచ్చినవాళ్ళలో లేడని మాత్రం తెలిసింది. ఉన్నవాళ్ళలో ఎక్కడున్నాడో తెలియదు.

ఎవరికి చెప్పుకోవాలి? పోలీసుల దగ్గరికి పోతే, “లారీ వచ్చే వారంలోనే ఊరొదిలి ఎందుకు పోయాడయ్యా?” అంటారు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్న సామెత ఎవడు కట్టాడో గానీ, మా ఇంటి ముందు నిలబడి కట్టినట్టున్నాడు.

మా ఆవిడే ఆ దారి చెప్పింది.

“గోడ ఖాళీగా ఉంది కదయ్యా. నన్ను గియ్యి.”

“నిన్నా? నిన్ను గీస్తే ఏ సబ్బు కంపెనీ వాడు డబ్బులిస్తాడే?”

“వేళాకోళం ఆపు. వాడి పేరు రాయకు, మన పేరు రాయకు. నన్ను గీసి వదిలెయ్. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రైల్లో ఇటు పోతాడు. నన్ను చూస్తే దిగకుండా ఉంటాడా?”

“నిన్ను చూసి దిగిపోయేది నేను. వాడు పారిపోతాడు, పళ్ళు తోముకోలేదని తిడతావని.”

చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

గీశాను. గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి, ఒక చెయ్యి తలుపు రెక్క మీద, కళ్ళు రోడ్డు వైపు. వెనకాల నేల మీద ఒక కంచం, దాని మీద బోర్లించిన ఇంకో కంచం. మావాడు ఆలస్యంగా వస్తే వాళ్ళమ్మ అన్నం అలాగే మూతపెట్టి ఉంచేది. ఆ రెండో కంచానికి అంచు దగ్గర సొట్ట ఉంది. అది కూడా గీశాను. పైన ఒకే ఒక్క మాట రాశాను, ఆమె గుమ్మంలో నిలబడి రోజూ అనే మాట:

‘ఎక్కడున్నావురా?’

అంతా అయ్యాక ఆమెను తీసుకెళ్ళి చూపించాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

“నా చెంప ఏదయ్యా?”

ఆమెకి ఎడమ చెంప మీద, చెవి దగ్గర నుంచి దవడ దాకా కాలిన మచ్చ ఉంది. పెళ్ళైన కొత్తలో స్టవ్వు మంట ఎగిసి అంటుకుంది. దాన్ని నేను గీయలేదు. కావాలని మానలేదు. సినిమా బ్యానర్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ చెయ్యి మచ్చ వచ్చిన చోట దానంతటదే దాటిపోతుంది. మా మేస్త్రీ అనేవాడు, “మచ్చ ఉంటే మనిషిరా, తీసేస్తే బొమ్మ. మనకి డబ్బులిచ్చేది బొమ్మకి” అని.

“గోడ మీద బాగోదే,” అన్నాను.

“వాడు పుట్టినప్పటి నుంచీ నన్నీ చెంపతోనే చూశాడు కదా.”

“అమ్మను ఆమాత్రం గుర్తుపట్టడా?”

నేను నిచ్చెన మడిచి ఇంటికి తెచ్చేశాను.

మర్నాటి నుంచే గోడ దగ్గర జనం ఆగడం మొదలైంది. ఎదురుగా టీ కొట్టు నడిపే అతను నాకు బంధువేం కాడు, ఒకరినొకరం ‘బావా’ అనుకునే అలవాటు. అతను వచ్చి చెప్పాడు.

“బావా, నీ బొమ్మ నా వ్యాపారం పెంచింది. ఆడవాళ్ళు వచ్చి నిలబడి ఏడుస్తున్నారు. ఏడ్చినవాళ్ళు టీ తాగుతారు కదా. ఇంతకీ ఎవరిదా బొమ్మ?”

“ఎవరిదీ కాదు.”

“అందరూ మా అమ్మలా ఉంది, మా అత్తలా ఉంది అంటున్నారు. మా తమ్ముడైతే చూసి చూసి గ్లాసులు కడగడం మానేశాడు వెధవ.”

అతని తమ్ముడు మావాడి ఈడువాడే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఆ గోడ మీద నా రంగులు దొంగిలించి బొమ్మలేసేవాళ్ళు.

ఆ వారంలోనే మెత్తనయ్య మా కొట్టుకి వచ్చాడు. జీపు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, రంగు డబ్బాల మధ్య నా స్టూలు మీద కూర్చున్నాడు.

“పెయింటరు గారూ, ఆ బొమ్మ ముందు నేను గంటసేపు నిలబడ్డానండి. నేను గీయించిన బొమ్మలు చూశారుగా? పిడికిళ్ళు, తుపాకులు, జెండాలు. వాటి దగ్గర ఎవరూ ఒక నిమిషం ఆగలేదు. ఎందుకంటారు?”

“నాకేం తెలుస్తుంది సార్.”

“తుపాకీ చూస్తే కుర్రాడికి భయం వేస్తుంది. అమ్మను చూస్తే సిగ్గేస్తుంది. భయపడ్డవాడు దాక్కుంటాడు, సిగ్గుపడ్డవాడు బయటికి వస్తాడు. నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. మీ బొమ్మ చూశాకే తట్టింది.” చాలా మామూలుగా అడిగాడు, “ఆవిడ ఎవరిని పిలుస్తోందండి?”

లోపల గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ తలుపు చాటున నిలబడిందని నాకు తెలుసు. నా కొడుకుని సార్, మీ లారీకి భయపడి పంపేస్తే తప్పిపోయాడు సార్ అని నాలుక చివరిదాకా వచ్చింది. తేలు కుట్టిన దొంగలా మింగేశాను.

“ఎవర్నీ కాదు సార్. ఊరికే.”

“ఊరికేనా?”

“గోడ ఖాళీగా ఉందని.”

“ఎవర్నీ కాదంటే అందర్నీ అన్నమాటేగా,” అన్నాడు. “అయితే కింద ఒక్క మాట కలుపుదాం. కాగితం దొరకడం లేదు, అచ్చు వేయించలేను. గోడలు మాత్రం కావలసినన్ని. ఈ రైలు దారిలో ప్రతి స్టేషన్‌లోనూ మీరే ఈ బొమ్మ గీయాలి.”

జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. అందులో ఆయన చేతిరాతతో ఉంది: ‘నీ ఈడువాళ్ళంతా వెళ్ళారు.’

అంతే. చావమని లేదు, చంపమని లేదు. కనీసం రమ్మని కూడా లేదు. పైన నా మాట, కింద ఆయన మాట. రెండూ కలిపి చదివాను. పైమాట ఇంటికి రమ్మంటోంది. కింద మాట తగిలేసరికి అదే పైమాట ఇంట్లోంచి పొమ్మంటోంది. ఒక్క అక్షరం మార్చకుండా, నా భార్య నోట్లో ఆమె అనని మాట పెట్టాడు.

“ఇది ఆవిడ అనని మాట కదా సార్.”

“నేను అబద్ధం ఏమైనా రాశానా? వెళ్ళలేదంటారా వాళ్ళు?”

వెళ్ళారు. సగం వీధి ఖాళీ అయింది.

ఆయన వెళ్ళాక లోపలికి పోయాను. మా ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

“కాదని చెప్పనా?”

“కాదంటే ఎందుకు కాదని అడగడూ? అడిగితే ఏం చెబుతావు?” అంది. మళ్ళీ తనే, “దారంతా గీస్తే ఎక్కడో ఒక చోట వాడి కంటపడుతుంది కదయ్యా,” అంది.

“కింద మాట చదువుతాడే.”

“వాడా? చదువంటే వాడికి మొదట్నుంచీ మంట. నీ పోలికే. బొమ్మ చూస్తాడు, అక్షరాలు చూడడు.”

ఆమె నమ్మి అనలేదు. నేనూ నమ్మి తలూపలేదు. మునిగేవాడు గడ్డిపరక పట్టుకుంటే, అది గడ్డిపరకని వాడికి తెలియక కాదు.

నాకు ఇంకో ఉపాయం తట్టింది. కింద మాట రాయడానికి మెత్తనయ్య తన ఆఫీసు మనిషిని పంపుతానన్నాడు. వాళ్ళ దగ్గర రేకులో కోసిన అచ్చక్షరాలుంటాయి, వాటి మీద రంగు అద్దుకుంటూ పోవడమే. నేను వద్దన్నాను. “బొమ్మ నాదై రాత ఇంకొకరిదైతే అతుకు తెలిసిపోతుంది సార్, నేనే రాస్తాను” అన్నాను. ఆయన సంతోషించాడు. “మీరు పని తెలిసినవారు” అన్నాడు.

సంగతేమిటంటే, బొమ్మనీ పైమాటనీ నూనె రంగుతో వేశాను. అవి పదేళ్ళు చెక్కు చెదరవు. కింద మాటకి మాత్రం ఎర్ర పొడిరంగుని ఉత్త నీళ్ళలో కలిపాను. జిగురు వేయలేదు. జిగురు లేని పొడిరంగు గోడని పట్టుకోదు, మొహమాటానికి అంటుకుని ఉంటుంది అంతే. ఒక్క వాన పడితే కారిపోతుంది. మిగిలేది మా ఆవిడ, కంచం, ఎక్కడున్నావురా.

మొదటి గోడ పూర్తవగానే మెత్తనయ్య వచ్చి చూశాడు. దగ్గరికి పోయి ‘వెళ్ళారు’ మీద చూపుడువేలు పెట్టి తీశాడు. వేలు ఎర్రగా అయింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఇంకా ఆరలేదనుకుంటా.”

“అవును సార్. ఆరాలి.”

జేబురుమాలుతో వేలు తుడుచుకుని జీపెక్కాడు.

ఆ తర్వాత నెలరోజులు స్టేషన్ స్టేషన్‌కీ దిగుతూ గీశాను. మా ఆవిడ మొహం గీసి గీసి, చివరికి కళ్ళు మూసుకుంటే ఆమె మొహం గుర్తుకు రాకుండా గోడ మీది మొహమే గుర్తుకొచ్చేది. ప్రతిచోటా కుర్రాళ్ళు వెనకాల నిలబడి చూసేవాళ్ళు. ఒకడు తెగ నవ్వుతూ మాట్లాడేవాడు, నేను కింద మాట రాసేసరికి నవ్వు ఆపేసి అక్కడ నుంచి వెళ్ళిపోయేవాడు. ఎటు వెళ్ళాడని నేను తిరిగి చూడలేదు. వాన పడనీ, వాన పడనీ అనుకుంటూ రాసుకుపోయాను. ఆకాశం చూస్తే తుడిచిపెట్టిన గచ్చులా ఉండేది.

ఇంటికి తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర గ్లాసులు కడగడానికి ఎవరూ లేరు. బావే కడుక్కుంటున్నాడు.

“మీ తమ్ముడేడి?”

“పోయాడు. సైన్యంలో చేరిపోయాడు.” గ్లాసు దులిపి బోర్లించాడు. “రోజూ ఆ గోడ చూస్తూ కూర్చునేవాడు. నాలుగు తగిలించి ఆపాను. ‘అన్నయ్యా, ఆమె నన్నే చూస్తోంది’ అన్నాడు. పిచ్చివెధవ, గోడ చూస్తుందేంట్రా అన్నాను. తెల్లారి లేచేసరికి లేడు.”

నేను వెనక్కి తిరిగి గోడ వంక చూశాను.

“నీ చెయ్యి పడిపోను బావా,” అన్నాడు నవ్వుతూనే, “ఎంత బాగా గీశావయ్యా.”

టీ డబ్బులు తీసుకోలేదు. గ్లాసు నిండుగానే వదిలేసి వచ్చాను.

వాన ఒక సాయంత్రం దంచి కొట్టింది. మా ఆవిడా నేనూ తడుచుకుంటూ పోయి గోడ ముందు నిలబడ్డాం. నేను అనుకున్నట్టే కింద మాట కారిపోయింది. గోడ అడుగున బురద ఎర్రగా అయింది. తెల్లటి గోడ మీద ఆమె, కంచం, పైమాట మాత్రమే ఉన్నాయి. ఆమె నా చెయ్యి పట్టుకుంది. బజార్లో అలా పట్టుకోవడం అదే మొదలు.

“పోయిందయ్యా. నా మాట నాకు వచ్చేసింది.”

అప్పుడే బడి విడిచినట్టున్నారు, ముగ్గురు ఆడపిల్లలు గోనెసంచులు నెత్తిన కప్పుకుని పరుగెడుతూ వచ్చారు. గోడ దగ్గరికి రాగానే ఒకతె గొంతు చించుకుని, “ఎక్కడున్నావురా?” అంది. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టి, “నీ ఈడువాళ్ళంతా వెళ్ళారు!” అన్నారు. గోడ వంక కూడా చూడలేదు. ఆటలో పాటలా పాడుకుంటూ మలుపు తిరిగిపోయారు.

మా ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

గోడ మీద లేని మాటని ఊరంతా చదువుతోంది. పొడిరంగు నేను కలిపింది గోడకి. అది మనుషులకి పట్టేసింది, జిగురు లేకుండానే.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, టీ కొట్టు బావ స్టేషన్ నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

“బావా! అక్కా! నీళ్ళు పట్టుకోవడానికి సైన్యం బండి ఆగింది. మీవాడు! మీవాడు అందులో ఉన్నాడు!”

మా ఆవిడ పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలేసి, అన్నం పెట్టిన కంచం మీద రెండో కంచం బోర్లించుకుని పరుగెత్తింది. నేను ఆమె వెనక, బావ నా వెనక. ఇంజను ఇంకా నీళ్ళు తాగుతోంది. కిటికీలన్నీ గుండు తలలే. ఒక గుండు తల, “అమ్మా!” అంది.

చిక్కిపోయాడు. చెవులు ఇంత పెద్దవని నాకు అప్పటిదాకా తెలియదు. పెట్టె తలుపు దగ్గర కాపలావాడు ఉన్నాడు, ఎవర్నీ దిగనివ్వడు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని వేలాడింది.

“దిగరా! దిగు నాన్నా! ఇంటికి పోదాం.”

“దిగకూడదమ్మా.”

“ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ?”

“వంతెన అవతల ఇటుకల బట్టీలో ఉన్నా. ఉత్తరం రాస్తే పట్టుకుంటారని రాయలేదు. ఒకరోజు బట్టీ లారీ మీద వస్తుంటే స్టేషన్ గోడ మీద నువ్వు కనిపించావు. కంచం సొట్టతో సహా.” వాడు నవ్వాడు. “బొమ్మలో నీ చెంప నాన్న బాగుచేశాడే. పెళ్ళిచూపులకి పోవచ్చు నువ్వు.”

“చూసి ఇంటికి రావద్దా మరి?”

“ఇంటికే బయల్దేరానమ్మా. లారీ దిగి నీ దగ్గరికి నడిచా. దగ్గరికి వచ్చాక కింద మాట చదివా.”

“అది నేను అన్న మాట కాదురా! ఆ ఆఫీసరు పెట్టాడు. నేను ఇంటికి రమ్మన్నాను. ఇంటికిరా!”

వాడు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

“ఆఫీసు వాళ్ళ రాతలు నాకు తెలుసమ్మా. అచ్చులు పెట్టి కొడతారు. అదైతే ఉమ్మేసి ఇంటికొచ్చేవాణ్ణి. కానీ అవి నాన్న తేళ్ళు.”

నా ‘ళ్ళ’ సంగతి ఇక్కడ చెప్పాలి. దాని ఒత్తు తోకని నేను పైకి తిప్పి, చివర కొక్కెంలా వంచుతాను. మా మేస్త్రీ దగ్గర నుంచి వచ్చిన అలవాటు. చిన్నప్పుడు మావాడు దాన్ని ‘నాన్న తేలు’ అనేవాడు. బజార్లో ఏ బోర్డు చూసినా తేలు కనిపిస్తే, “ఇది మా నాన్న రాసింది” అని ఎగిరేవాడు. ఆ చిన్న వాక్యంలో అది రెండు చోట్ల ఉంది. వాళ్ళంతా. వెళ్ళారు.

“పైన అమ్మ పిలిచింది, కింద నువ్వు పొమ్మన్నావు,” అన్నాడు. “నువ్వే పొమ్మన్నాక ఇంటికొచ్చి నీ మొహం ఎలా చూడను నాన్నా?”

“జిగురు వేయలేదురా,” అన్నాను. నా నోటికి వచ్చింది అదొక్కటే. “దానికి జిగురు వేయలేదు. వానకి పోవాలనే రాశాను.”

“ఏంటి నాన్నా?”

ఇంజను కూత వేసింది. కాపలావాడు మా ఆవిడ వేళ్ళు ఊచల మీద నుంచి ఒక్కొక్కటీ విడదీశాడు. పాపం, వాడూ కుర్రాడే. ఆమె కంచం కిటికీలోకి తోసింది. అది ఊచల్లోంచి పట్టలేదు. రెండు కంచాల మధ్య నుంచి అన్నం ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. వాడు చెయ్యి బయటికి పెట్టి ఊపుతూనే ఉన్నాడు.

ఆ మర్నాటి నుంచి మా ఆవిడ గోడ కింద నిలబడటం మొదలుపెట్టింది. చేరడానికి పోయే కుర్రాళ్ళు అందరూ ఆ దారినే పోవాలి. వాళ్ళకి అడ్డం పడేది.

“బాబూ, ఆగు. ఆ బొమ్మ నేనే. నేను పొమ్మనలేదు. మా అబ్బాయిని ఇంటికి రమ్మన్నాను. మీ అమ్మ కూడా అదే అంటుంది, పో, ఇంటికి పో.”

వాళ్ళు బొమ్మని చూసేవాళ్ళు, ఆమెని చూసేవాళ్ళు. ఒకడు జాలిగా అడిగాడు, “ఏమ్మా, భోంచేశావా?” ఇంకొకడు పక్కవాడితో, “ఆ తల్లి ఎక్కడ, ఈవిడెక్కడరా. చెంప చూడు,” అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. ఆమెకి వినిపించింది. చెంప మీదికి కొంగు లాక్కోలేదు. పెళ్ళైన దగ్గర నుంచి బజార్లో కొంగు లాక్కోకుండా ఆమెని నేను చూడలేదు.

ఆ ఇంకొకడు ఆమెని వదిలి గోడని నమ్మడానికి కారణం నేను. నేను దాటేసిన జానెడు మచ్చ.

మూడోరోజు నిచ్చెన తెచ్చాను.

“ఎందుకయ్యా?” అంది.

“ఇలా తిరిగి నిలబడు. వెలుతురు చెంప మీద పడనీ.”

పట్టపగలు, బజారంతా చూస్తుండగా ఎక్కాను. నూనె రంగు, మంచిది, దాచుకున్న ఆఖరి డబ్బా. చెవి దగ్గర మొదలుపెట్టి దవడ దాకా దించాను. ముడతపడ్డ చర్మం, మధ్యలో నున్నటి గులాబీ మెరుపు, అంచున నల్లగా కమిలిన గీత. ఆమెని నేను అంత సూటిగా చూసి ఎన్నేళ్ళయిందో. కింద జనం గుమిగూడారు. టీ కొట్టు బావ గ్లాసులు వదిలేసి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నేను దిగేసరికి అందరూ పైకీ కిందికీ మార్చి మార్చి చూస్తున్నారు. గోడ మీద చెంప, గోడ కింద చెంప.

“ఈవిడేరా,” అన్నాడెవడో.

మా ఆవిడ కొత్తగా ఏమీ అనలేదు. “నేను ఇంటికి రమ్మన్నాను బాబూ” అంది, అంతే. సంచి భుజాన వేసుకున్న కుర్రాడు ఒకడు అక్కడే నిలబడిపోయాడు. మరో ఇద్దరు వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయారు. వాళ్ళు ఇంటికి చేరారో, మళ్ళీ ఇంకో దారిన పోయారో నాకు తెలియదు. తిరిగి పోవడం మాత్రం చూశాను. టీ కొట్టు బావ నిచ్చెన పట్టుకునే ఏడ్చాడు. అతని తమ్ముడికి నా రంగు ఆలస్యమైంది.

సాయంత్రానికి మెత్తనయ్య వచ్చాడు. వెంట సున్నం బకెట్లతో ఇద్దరు మనుషులు. నన్ను పక్కకి పిలిచాడు. అప్పుడు కూడా ‘మీరు’ అనే.

“మీరు బాధలో ఉన్నారు, అర్థం చేసుకోగలను. కొడుకు సంగతి ఆరోజే చెప్పి ఉంటే బాగుండేది.”

“చెబితే ఏం చేసేవారు?”

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి కదా. “ఈ బొమ్మే గీయించేవాణ్ణి,” అన్నాడు.

“కింద మాటకి నేను జిగురు వేయలేదు. తెలుసా మీకు?”

“వేలికి అంటినప్పుడే తెలిసిందండి. వాన పడేలోపు ఊరంతా చదివేస్తుంది, తర్వాత ఉన్నా లేకపోయినా ఒకటే అని ఊరుకున్నాను. పైగా మీరు మనసు పెట్టి రాశారు. ఆఫీసు అక్షరాలకి ఆ ఆప్యాయత రాదు.”

అని చెప్పులు చూసుకుని, సున్నం చిందుతుందేమోనని రెండడుగులు వెనక్కి జరిగాడు.

వాళ్ళు మొదట చెంప మీద కొట్టారు. తర్వాత కళ్ళు, తర్వాత చెయ్యి, కంచం. నూనె రంగు కదా, ఒక పూతకి పోలేదు. మూడు పూతలు వేయాల్సి వచ్చింది. మూడో పూత ఆరాక కూడా ఎండ ఏటవాలుగా పడినప్పుడు మచ్చ ఉన్న చోట గోడ కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ చూడరు. మా ఆవిడ రోజూ చూస్తుంది. అక్కడే నిలబడుతుంది ఇప్పటికీ, నీళ్ళకి ఆగే ప్రతి బండికీ. మావాడి దగ్గర నుంచి కబురు లేదు. ఇంట్లో కంచం మీద కంచం బోర్లించే ఉంటుంది, రాత్రి తీసి తెల్లారి మళ్ళీ పెడుతుంది.

గోడ మీద రాసుకునే హక్కు రద్దయిందని కార్యాలయం నుంచి మనిషి వచ్చి నోటిమాటగా చెప్పిపోయాడు. ఎన్ని చదరపు అడుగులో నిర్ధారించాలన్నాడు. టేపు అతని దగ్గర లేదు. నా టేపే ఇచ్చాను, ఒక కొన నేనే పట్టుకున్నాను. పొడవు నలభై అడుగులు, ఎత్తు పది. మొత్తం నాలుగు వందల చదరపు అడుగులు, అందులో మధ్యన నీళ్ళ గొట్టం దిగిన జానెడు మేర తీసేయాలి.